ఇస్తేనే మిగిలే పువ్వు

బజారులో మూరల లెక్కన దొరికే చామంతి వేరు, వాకిట్లో పూసే చామంతి వేరు. మొదటిదాన్ని డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. రెండోది మాత్రం ఎవరో ఒకరు ఇవ్వాల్సిందే!

దీపావళి దాటి చలి ముదిరే వేళకు నల్లగొండ, పాలమూరు పల్లెల్లో కొన్ని వాకిళ్లు పసుపు పూసుకున్నట్టు మెరుస్తుంటాయి. అంచు పగిలిన కుండ, చిల్లుపడ్డ బొక్కెన, ఎందుకూ పనికిరాక మూలకు చేరిన గోలెం... దేంట్లో చూసినా చామంతే. బియ్యం కడిగిన నీళ్లు దానికే పోస్తారు. శుక్రవారం దేవుడి పటానికి దాన్నే కోస్తారు. ఆ మొక్క ఎక్కడ కొన్నారని అడిగితే ఇల్లాలు నవ్వేస్తుంది. 'చామంతిని ఎవరన్నా కొంటరా? మా అక్కోళ్ల ఇంటి నుంచి తెచ్చిన' అంటుంది. అక్కకు ఎవరిచ్చారు? వాళ్ల అత్తగారు. అత్తగారికి? పుట్టింటి నుంచి వచ్చి ఉండొచ్చు. ఆ పైన ఎవరికీ గుర్తుండదు.

ఇక్కడే ఒక ముచ్చట ఉంది. బంతిని గింజ వేసి పెంచుతాం. గింజతో మొలిచేది తల్లి మొక్కకు బిడ్డ. పోలికలు ఉంటాయి, తేడాలూ ఉంటాయి. చామంతి అలా కాదు. ముద్దగా పూసే రకాల్లో గింజ పట్టడమే తక్కువ. పట్టి మొలిచినా తల్లిలా పూస్తుందన్న నమ్మకం లేదు. అందుకే మొదలు చుట్టూ వచ్చే పిలకను వేరుతో సహా విడదీసి నాటుతారు. అలా నాటిన పిలక తల్లికి బిడ్డ కాదు, తల్లి మొక్కే! అంటే అమ్మమ్మ జడలో పువ్వు పూసిన మొక్కా, మనవరాలి బాల్కనీలో ఉన్న మొక్కా ఒక్కటే. మధ్యలో ఇళ్లు మారాయి, కుండీలు మారాయి, మనుషులు మారారు. మొక్క మాత్రం అదే.

ఒక పువ్వు కాదు, ఒక ఊరు

చామంతి రేకును ఒక్కదాన్ని మెల్లగా లాగి చూడండి. అడుగున సన్నని గొట్టంలా ఉంటుంది. మనం రేకు అనుకునేది నిజానికి ఒక పూర్తి పువ్వు. నడుమ పసుపు బొడిపెలా కనిపించేదీ పువ్వు కాదు, చిన్న చిన్న పూల గుంపు. అలాంటివి వందల కొద్దీ ఒకే పీట మీద సర్దుకుని కూర్చుంటే దాన్ని మనం 'ఒక చామంతి' అంటున్నాం. అంచున ఉన్నవి రంగు చూపి తేనెటీగను పిలుస్తాయి. నడుమ ఉన్నవి పుప్పొడి అందిస్తాయి. ఎవరి పని వాళ్లది, పేరు మాత్రం అందరిదీ!

ఈ కుటుంబం చాలా పెద్దది. మన చుట్టూ ఉన్న చుట్టాలను లెక్కపెడితే ఆశ్చర్యమేస్తుంది. బతుకమ్మలో పేర్చే బంతి, చేలో పొద్దుతిరుగుడు, రబీలో ముళ్లముళ్లుగా పెరిగే కుసుమ, పెళ్లి వేదిక మీద జెర్బెరా, బడి తోటలో జీనియా... అన్నీ ఒకే ఇంటివి. గట్ల మీద ఎవరూ నాటకుండానే సన్నని కాడకు బుల్లి పువ్వుతో తలూపే గడ్డిచామంతి కూడా ఈ ఇంటి పిల్లే. పలక తుడవడానికీ, కొడవలి తెగితే పసరు పిండడానికీ ఆ ఆకును వాడిన తరం ఇంకా ఉంది. దాని సొంత ఊరు మధ్య అమెరికా అంటే వాళ్లు నమ్మలేరు. ఇంత మంచి కుటుంబంలో ఒక చెడ్డ పేరూ ఉంది. 1950ల్లో పుణె దగ్గర కనిపించి దేశమంతా పాకిన వయ్యారిభామ కూడా చామంతికి చుట్టమే. ఏ ఇంట్లో అయినా ఒకరు అలా ఉంటారు కదా!

చామంతి స్వస్థలం చైనా. అక్కడ దీన్ని రెండు వేల ఏళ్లకు పైగా సాగు చేస్తున్నారు. నాలుగో, అయిదో శతాబ్దాల నాటి కవి తావ్ యువాన్‌మింగ్ కొలువు వదిలేసి పల్లెకు వెళ్లి చామంతులు పెంచుకున్నాడని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకొంటారు. జపాన్‌లో అయితే అది రాజముద్ర. పదహారు రేకుల చామంతి అక్కడి చక్రవర్తి వంశానికి గుర్తు. మరాఠీలో శేవంతి, కన్నడంలో సేవంతిగె, మన దగ్గర చామంతి. పేర్లలోనే చుట్టరికం తెలుస్తుంది. రాజుల ఇంట్లో ఎంత గౌరవం దొరికినా మన వాకిట్లో మాత్రం బియ్యం నీళ్లతోనే సర్దుకుపోయింది.

రాత్రిని లెక్కపెట్టే మొక్క

బతుకమ్మ పండుగ వచ్చిందంటే దక్షిణ తెలంగాణలో పువ్వుకు ఉన్న విలువ ఇంక దేనికీ ఉండదు. తంగేడు, గునుగు అడవి నుంచి, చేల గట్ల నుంచి వస్తాయి. బంతి, సీతజడ, గుమ్మడి పూలు పెరట్లో నుంచి వస్తాయి. మరి చామంతి? చాలా ఇళ్లలో అప్పటికి మొగ్గ మీదే ఉంటుంది. పండుగ రోజు పొద్దున మొక్క ముందు నిలబడి 'ఇంకో పదిహేను రోజులు ముందు పూస్తే ఏం పోయె నీకు' అని గొణుక్కోని ఇల్లాలు ఉండదు. చివరికి చామంతులు బజారు నుంచే వస్తాయి.

తప్పు మొక్కది కాదు. పండుగ చంద్రుణ్ని బట్టి వస్తుంది, చామంతి సూర్యుణ్ని బట్టి పూస్తుంది. ఎంగిలిపూల బతుకమ్మ 2023లో అక్టోబరు 14న వచ్చింది. 2024లో అక్టోబరు 2కు, 2025లో సెప్టెంబరు 21కి జరిగింది. రెండేళ్లలో మూడు వారాలకు పైగా తేడా. ఈ జరగడాలు చామంతికి తెలియవు. దానికి తెలిసిందల్లా రాత్రి ఎంత పొడుగుందన్నదే.

ఈ రహస్యం బయటపడింది వందేళ్ల కిందట. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, కొన్ని మొక్కలు పగటి పొడవును బట్టి పూస్తాయని 1920లో ప్రకటించారు. వాళ్లకు ఆ దారి చూపింది పొగాకు మొక్క. అసలు లెక్క పగటిది కాదు, రాత్రిదని 1938లో మరో ప్రయోగంలో తేలింది. పొడవాటి చీకటి నడుమ కాసేపు దీపం వెలిగిస్తే చాలు, మొక్క ఆ రాత్రిని లెక్కలోంచి కొట్టేస్తుంది. ఆ ప్రయోగం చేసింది మన పొలాల్లో బట్టలకు అంటుకునే మరులమాతంగి మీద. అదీ చామంతి కుటుంబమే!

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో జూన్ చివర పగలు 13 గంటలు దాటుతుంది. డిసెంబరు చివరికి 11 గంటలకు దిగుతుంది. ఈ రెండింటి మధ్యలో, పగలు తగ్గి రాత్రి పెరుగుతూ పోయే రోజుల్లో చామంతి ఆకులు పెట్టడం ఆపి మొగ్గ కట్టడం మొదలుపెడుతుంది. ఎండ వేడి ఎక్కువగా ఉంటే అదీ ఆలస్యమే. మొగ్గ కట్టాక విచ్చుకోవడానికి రకాన్ని బట్టి ఎనిమిది నుంచి పది వారాలు. ఆ లెక్కన వాకిలి చామంతి మనదాకా వచ్చేది కార్తీకానికే. బతుకమ్మను అందుకోలేని పువ్వు కార్తీక దీపాల పక్కన కూర్చుంటుంది.

కొన్ని ఇళ్లలో ఒక వింత ఫిర్యాదు వినిపిస్తుంది. 'మొక్క ఏపుగా ఉంది, ఆకులు పచ్చగా ఉన్నాయి, మొగ్గ మాత్రం రాదు. పక్కింటి వాళ్ల చామంతి పూసింది, ఇద్దరిదీ ఒకే పిలక!' అని. దిష్టి తగిలిందనుకుంటారు కొందరు. ఎరువు ఇంకాస్త వేస్తారు ఇంకొందరు. ఓసారి తలెత్తి చూస్తే కారణం పైనే వెలుగుతుండొచ్చు. ఇంటి ముందు కరెంటు స్తంభానికి తెల్లటి వీధిదీపం! రాత్రంతా దాని కింద నిలబడ్డ చామంతికి రాత్రి ఎప్పుడొచ్చిందో తెలియదు. కుండీని ఇంటి వెనక్కి, చీకటి ఉన్న చోటికి జరిపితే సరిపోతుంది.

పూల రైతులు ఈ బలహీనతనే బలంగా మార్చుకున్నారు. హోసూరు వైపు, బెంగళూరు చుట్టుపక్కల చామంతి తోటల్లో రాత్రిళ్లు వరసగా బల్బులు వెలిగిస్తారు. పూత వెనక్కి జరుగుతుంది. ధర వచ్చే రోజుకు పువ్వు చేతికి అందుతుంది. ముందుగా కావాలంటే సాయంత్రమే నల్ల గుడ్డ కప్పి చీకటి చేస్తారు. ఏడాది పొడుగునా బజారులో చామంతి కనిపించడం వెనక ఉన్న మాయ ఇదే.

వాకిట్లో అంత హంగామా అక్కర్లేదు. బతుకమ్మ కోసం బంతిని నమ్ముకుంటే చాలు. పండుగకు రెండున్నర నెలల ముందు గింజ వేస్తే ఆ నాటికి నిండుగా పూస్తుంది. రాత్రి లెక్కల పట్టింపు దానికి అంతగా లేదు. బంతిదీ ఒక కథ ఉంది. దాని పుట్టిల్లు మెక్సికో. అక్కడ ఏటా నవంబరు మొదటి రెండు రోజులు చనిపోయిన పెద్దల్ని తలచుకుంటూ పండుగ చేస్తారు. ఆ ఆత్మలు ఇంటికి దారి తప్పకుండా వచ్చేందుకు బంతి రేకులు పరుస్తారు. మన దగ్గర బంతిని పేర్చే మొదటి బతుకమ్మ పడేది పెత్రమాస నాడే. పెద్దలకు బియ్యమిచ్చుకునే రోజే! ఎవరూ ఎవరినీ చూసి నేర్చుకోలేదు. పువ్వే రెండు చోట్లా అదే కొలువు చేస్తోంది.

చామంతికి కూడా అలాంటి పండుగ చైనాలో ఉంది. వాళ్ల తొమ్మిదో నెల తొమ్మిదో రోజున చామంతులు చూస్తూ, కొండలెక్కుతూ గడుపుతారు. 2024లో ఆ రోజు అక్టోబరు 11న వచ్చింది. మన సద్దుల బతుకమ్మ అంతకు ముందు రోజే.

గొంతు తడిపే నీళ్లు, వేరు తడిపే నీళ్లు

ఈ నేలలో పూల మొక్క పెంచడమంటే ముందు నీటి గురించి మాట్లాడాలి. రెండు ఉమ్మడి జిల్లాల్లోనూ ఎక్కువ ఎర్ర చెల్క. నీళ్లు పోస్తే ఇట్టే ఇంకిపోతాయి. చామంతికి ఆ గుణం నచ్చుతుంది, ఎందుకంటే దాని వేరు నిలవ నీళ్లలో కుళ్లిపోతుంది. నల్లరేగడి ఉన్న చోట మాత్రం ఇసుక, పశువుల ఎరువు కలిపి మట్టిని గుల్ల చేయక తప్పదు. వానలా, ఏడాదికి సగటున 600 నుంచి 750 మిల్లీమీటర్లు. అదీ అన్ని ఏళ్లూ కాదు. మిగతా రోజులకు బోరే దిక్కు.

ఆ బోరు నీళ్లతోనే నల్లగొండ పేరు లోకానికి తెలిసింది. భూమిలోని ఫ్లోరైడ్ నీటిలో కరిగి మనుషుల ఎముకల్ని వంచింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించి, దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. ఒక ఊరి పేరు శాస్త్రంలో నిలిచిపోవడం గర్వమే, కానీ ఏ కారణంగా నిలిచిందో తలచుకుంటే మనసు బరువెక్కుతుంది. తర్వాత కృష్ణా నీళ్లు, 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లాలు తాగునీటి కష్టాన్ని చాలావరకు తీర్చాయి. పూల మొక్కలకు మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల బోరు నీళ్లే.

ఆ నీళ్లు అన్ని పూలనూ ఒకేలా చూడవు. జెర్బెరానే తీసుకోండి. దక్షిణాఫ్రికాలోని బార్బర్టన్ ప్రాంతం నుంచి వచ్చిన ఈ పెద్ద డైసీ పువ్వు, కోసి నీళ్లలో పెట్టాక ఫ్లోరైడ్‌ను అసలు ఓర్చుకోదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉన్నా రేకుల అంచులు మాడిపోతాయి. మనుషులు తాగే నీటిలో వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చన్నది మన దేశ ప్రమాణం. అంటే మనిషికి పరవాలేదనుకున్న నీళ్లు కూడా ఆ పువ్వుకు పడవన్నమాట! పుట్టినరోజుకు తెచ్చిన జెర్బెరాలు రెండో రోజుకే అంచులు నల్లబడితే పూలమ్మిన అతన్ని తిట్టుకోవద్దు. గ్లాసులో పోసింది బోరు నీళ్లేమో చూసుకోవాలి. వాన నీళ్లో, వడపోసిన నీళ్లో పోస్తే ఆ పువ్వే ఇంకో నాలుగు రోజులు నిలుస్తుంది.

చామంతి ఇంత సుకుమారి కాదు. అయినా ఉప్పు నీళ్లు ఎక్కువైతే ఆకు అంచులు ఎండి, మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. అలా కనిపిస్తే ఆ పొర గీకేసి, వానాకాలంలో కుండీని రెండు మూడు మంచి వానలకు పెట్టాలి. ఉప్పంతా అడుగు చిల్లులోంచి కిందికి కొట్టుకుపోతుంది. పాత కాలపు ఇళ్లలో చూరు కింద మొక్కలు పెట్టేవారు. చూరు నీళ్లు చేసే మేలు వాళ్లకు చదువు లేకుండానే తెలుసు.

గిల్లితేనే గుబురు

చామంతి పెంపకంలో కష్టం తక్కువ, ఓపిక ఎక్కువ. ఏడాది పొడుగునా ఏదో ఒక చిన్న పని చెబుతూనే ఉంటుంది.

సంక్రాంతి దాటి పూలు వాడిపోయాక కాడల్ని నేలకు జానెడు ఎత్తు ఉంచి కోసేయాలి. చూడటానికి మొక్క పోయినట్టే ఉంటుంది. చాలామంది ఇక్కడే పొరపడి పీకి పారేస్తారు. రెండు మూడు వారాలు ఆగితే మొదలు చుట్టూ లేత ఆకుపచ్చ పిలకలు లేస్తాయి. వచ్చే ఏటి పూలన్నీ ఆ పిలకల్లోనే ఉన్నాయి.

తర్వాత ఎండాకాలం. అసలు పరీక్ష అదే. నల్లగొండలో ఎండ 44, 45 డిగ్రీలకు చేరే రోజుల్లో చామంతి నుంచి పువ్వు ఆశించకూడదు, ప్రాణం నిలిస్తే చాలనుకోవాలి. వేపచెట్టు నీడకో, ఉత్తరం గోడ పక్కకో జరిపి, మట్టి పూర్తిగా ఎండకుండా సాయంత్రం కాసిని నీళ్లు పోస్తే గట్టెక్కుతుంది. వాకిలి బోసిగా ఉందనుకుంటే ఆ మూడు నెలలకు జీనియా, గెయిలార్డియా గింజలు చల్లుకోవచ్చు. చామంతి పోలికే ఉన్న ఈ పూలకు ఎండ అంటే భయం లేదు.

తొలకరి పడ్డాక పిలకల్ని విడదీసి నాటాలి. కొమ్మ కొసల్ని రెండు మూడు అంగుళాలు తుంచి తడి ఇసుకలో గుచ్చినా రెండు మూడు వారాల్లో వేళ్లు పోసుకుంటాయి. మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కాస్త ఇసుక... అంతకు మించి ఏమీ అడగదు. పల్లీ పండే పాలమూరులో పల్లిచెక్కకు కొదవలేదు. గుప్పెడు చెక్కను నాలుగు రోజులు నానబెట్టి, బాగా నీళ్లు కలిపి పలుచన చేసి పదిహేను రోజులకోసారి పోస్తే మొక్క కళ్లెదుటే కోలుకుంటుంది.

నాటిన నెలకు అసలు పని. కొస చిగురును గోటితో గిల్లేయాలి. కొత్తగా పెంచేవాళ్లకు ఇదే చేతులు రాని పని. ఏపుగా పెరుగుతున్న మొక్క తల తుంచడమంటే ఎవరికైనా మనసొప్పదు. కానీ గిల్లని చామంతి ఒంటి కాడతో పొడుగ్గా సాగి నాలుగు పూలు పూసి వాలిపోతుంది. గిల్లినది పక్కలకు కొమ్మలు వేస్తుంది. మరో నెలకు ఆ కొమ్మల కొసలూ గిల్లితే గుబురుగా గుమ్మటంలా తయారవుతుంది. వినాయక చవితి దాటాక మాత్రం గోరు తగలనివ్వొద్దు. అప్పటి నుంచి కొసల్లో ఉండేది చిగురు కాదు, మొగ్గ.

నీళ్లు పొద్దున పూట, మొదట్లోనే పోయాలి. ఆకుల మీద పోస్తే నల్లమచ్చలు వస్తాయి. లేత కొసల మీద పేనుబంక నల్లగా ముసిరితే ముందు వేళ్లతో నలిపి, నీళ్లతో కడిగి చూడాలి. తగ్గకపోతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లాలి. మొగ్గల బరువుకు కొమ్మలు ఒరిగితే ఊతానికి ఒక కందికట్టె గుచ్చి గుడ్డపేలికతో వదులుగా కట్టాలి. పెద్ద పువ్వు కావాలనుకుంటే కొమ్మకు ఒక్క మొగ్గ ఉంచి పక్కవి తీసేయాలి. పూజకూ జడకూ అయితే దేన్నీ ముట్టుకోవద్దు. చిన్న పూలే అందం.

పిలక దాటిన గడపలు

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. చామంతి గుంపును ఏటా విడదీయకపోతే ఏమవుతుంది? మొదటి ఏడు బాగానే పూస్తుంది. తర్వాత పిలకలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ సన్నబడతాయి. నడిమి భాగం కట్టెలా ముదిరి ఎండుతుంది. పూలు చిన్నవవుతాయి, తెగుళ్లు చేరతాయి. రెండు మూడేళ్లకు కుండీ ఖాళీ. అందుకే విడదీయాలి. విడదీస్తే ఒక మొక్కకు ఎనిమిదో పదో పిలకలు వస్తాయి. వాకిట్లో ఉన్నవి రెండు కుండీలు. మిగిలినవి ఏం చేయాలి? ఎవరికైనా ఇవ్వాలి. ఇంకో దారి లేదు!

ఇచ్చినది ఊరికే పోదు. ఈ నేల సంగతి తెలిసినవాళ్లకు ఆ మాట బాగా అర్థమవుతుంది. పాలమూరు అంటే ఒకప్పుడు వలసల జిల్లా. దేశంలో ఎక్కడ డ్యాము కడుతున్నా, రోడ్డు వేస్తున్నా అక్కడ పాలమూరు కూలీ ఉండేవాడు. దసరా పండుగ చేసుకుని, పిల్లల్నీ ముసలివాళ్లనీ ఊళ్లో వదిలి ముంబయికో, పుణెకో బస్సెక్కిన కుటుంబాలు ఎన్నో. వాన పడితే తిరిగి రావడం, లేకపోతే లేదు. అంటే వాకిట్లో చామంతి మొగ్గ తొడిగే వేళకు ఇల్లాలు బయల్దేరాలి. పూసేటప్పటికి ఆమె ఏ తట్టల పనిలోనో ఉంటుంది. ఎండాకాలానికి ఆ కుండీలో నీళ్లు పోసే చెయ్యి ఉండదు. తాళం పడ్డ ఇంటి చామంతి వేసవి దాటదు. పక్కింటికి ఇచ్చిన పిలక మాత్రం దాటుతుంది. జూన్‌లో తిరిగొచ్చి అడిగితే అదే మొక్క మళ్లీ చేతికొస్తుంది. అప్పు తీర్చినట్టూ కాదు, దానమిచ్చినట్టూ కాదు. ఎవరి దగ్గరున్నా మొక్క అందరిదే అన్నట్టు!

కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతలతో చాలా మండలాలకు కృష్ణా నీళ్లు చేరాయి. వలసలు తగ్గాయి. 2016లో జిల్లాలు విడిపోయి, 2019లో నారాయణపేట కూడా చేరాక పాత రెండు జిల్లాల పేర్ల చోట ఇప్పుడు ఎనిమిది పేర్లున్నాయి. ఇళ్లూ మారాయి. మట్టి వాకిళ్లు సిమెంటు అయ్యాయి. పండుగకు కిలోల లెక్కన పూలు కొనుక్కునే స్తోమత వచ్చింది. అది సంతోషించాల్సిన విషయమే. ఎవరూ మళ్లీ పగిలిన కుండల రోజులు కోరుకోరు.

పోతున్నది వేరొకటి. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్నో చామంతి రకాలను సేకరించి కాపాడుతోంది. రాజేంద్రనగర్‌లో పూల పరిశోధన కేంద్రం ఉంది. పేరున్న రకానికి అలా ఒక చోటు ఉంటుంది. అమ్మమ్మ వాకిట్లో పూసిన చామంతికి పేరే లేదు. 'మా చిన్నత్తోళ్ల తెల్ల చామంతి', 'ఆ మూలింటి చిట్టి చామంతి' అన్నవే దాని పేర్లు. ఎవరు ఇచ్చారో అదే చిరునామా. గింజ లేదు కాబట్టి డబ్బాలో దాచలేం. ఎవరో ఒకరు ప్రతి ఏడూ నాటాలి, ప్రతి ఏడూ ఇవ్వాలి. ఒక్క ఎండాకాలం ఊళ్లో అందరూ మరిచిపోతే, ఎన్ని తరాల నుంచో నడిచొచ్చిన మొక్క అక్కడితో సరి. మళ్లీ తెచ్చుకుందామంటే ఏ నర్సరీలోనూ దొరకదు.

ఇప్పుడు నవంబరులో నర్సరీ నుంచి నిండుగా పూసిన కుండీ తెస్తున్నాం. నెల్లాళ్లు ముచ్చటగా చూసి, పూలు వాడగానే మొక్కతో సహా చెత్తబండిలో వేస్తున్నాం. అందులో వచ్చే ఏటికి ఎనిమిది కుండీలకు సరిపడా పిలకలు ఉన్నాయని తెలియక! అపార్ట్‌మెంటులో అయినా సరే, బాల్కనీకి నాలుగు గంటల ఎండ తగిలితే ఆ మొక్కను బతికించుకోవచ్చు. వీధిదీపం తగలని మూల చూసుకుంటే అది మళ్లీ పూస్తుంది.

ఊళ్లో పెద్దవాళ్ల ఇంట్లో ఇంకా చామంతి ఉంటే ఈ తొలకరికి వెళ్లినప్పుడు ఒక పిలక అడిగి తెచ్చుకోవాలి. తడిగుడ్డలో వేరు చుట్టి, సంచిలో నిలువుగా పెట్టుకుంటే బస్సు ప్రయాణం తట్టుకుంటుంది. ఎవరి ఇంటిదో, ఆమెకు ఎవరిచ్చారో ఆ పెద్దామెనే అడిగి రాసి పెట్టుకోవడం మరీ మంచిది. వచ్చే ఏడు ఆ కుండీలో పిలకలు లేచాక పైఅంతస్తు వాళ్ల తలుపు తట్టి రెండు ఇచ్చి రావాలి. మన మొక్క ఎండిపోయిన ఏడు తలుపు తట్టడానికి ఒక ఇల్లు ఉంటుంది.